150 గజాల్లో ముప్పై ఏళ్ళు ఉండాల్సిన ఇల్లు: ప్లాన్ ఓకే చేసే ముందు టేపు పట్టుకోండి

మనవైపు చాలామంది కొనగలిగేది 150 గజాల స్థలం, అంటే 30 బై 45, మొత్తం 1350 చదరపు అడుగులు. నెట్‌లో ప్లాన్ కోసం వెతికితే ఎక్కువగా 30 బై 40వే కనిపిస్తాయి, అది బెంగళూరు లేఅవుట్లలో మామూలు సైటు కొలత. వాటిలో ఐడియాలు తీసుకోండి గానీ ఉన్నదున్నట్టు దించకండి. ముందు మీ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ కట్టకుండా వదలాల్సిన ఖాళీ) ఎంతో కనుక్కోండి. రెండు పక్కలా మీటరు చొప్పున వదలాల్సి వస్తే 30 అడుగుల వెడల్పులో మీకు మిగిలేది ఇరవై మూడున్నర అడుగుల లోపే.

ప్లాన్ చేతికి రాగానే అందరం బెడ్‌రూములు లెక్కపెడతాం. నేనైతే ముందు నడవా చూడమంటాను. మూడడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు నడవా అంటే 45 చదరపు అడుగులు. అందులో మంచం పట్టదు, కుర్చీ వేస్తే దారికి అడ్డం, మేస్త్రీ మాత్రం హాలుకి ఎంత రేటు కడతాడో దానికీ అంతే కడతాడు. హాలు, డైనింగు కలిపేసి గదుల తలుపులన్నీ డైనింగు వైపు తిప్పుకుంటే చాలా ఇళ్ళలో నడవాతో పనే ఉండదు. ఆ తలుపులు కూడా గోడ మధ్యలో కాకుండా మూలకి పెట్టించండి, బీరువాకి ఒక గోడ పూర్తిగా మిగులుతుంది.

ఇంకో సంగతి, ప్లాన్‌లో రాసిన గది కొలత గోడల లోపలిదా, గోడలతో కలిపా అని అడగండి. పిల్లర్లతో కట్టే ఇంటికి లోపలి గోడలు సాధారణంగా నాలుగున్నర అంగుళాలు సరిపోతాయి (మీ ఇంజనీరుని అడిగే మార్చండి), తొమ్మిది అంగుళాల బదులు అలా కడితే 20 అడుగుల గోడకి ఏడున్నర చదరపు అడుగులు కలిసొస్తాయి, అంటే ఒక బీరువా పట్టేసే చోటు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మా నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యి ఇంటికి తీసుకొచ్చిన రోజు, వాకర్ బాత్రూం తలుపు దగ్గర ఆగిపోయింది. ప్లాన్‌లో రెండున్నర అడుగుల తలుపే, కానీ ద్వారబంధం పోగా మిగిలింది 25 అంగుళాలు, పైగా తలుపు రెక్క సగమే తెరుచుకునేది. ఆయన ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడితే నేను వాకర్‌ని పక్కకి తిప్పి లోపలికి ఎత్తి పెట్టేవాణ్ణి, అలా మూడు నెలలు. అందుకే చెబుతున్నాను, మీ అమ్మానాన్నలకి ఇప్పుడు యాభై ఏళ్ళే అయినా సరే, కింద ఒక బెడ్‌రూము, దానికి అటాచ్‌డ్ బాత్రూం, మూడడుగుల తలుపు, గడప ఎత్తు లేకుండా నేల వాలుతోనే నీళ్ళు పోయేలా చూసుకోండి. మిగతా గదులు అరడుగు చిన్నవైనా ఫర్వాలేదు.

మెట్లు ఇంటి లోపల పెడితే దాదాపు 70 చదరపు అడుగులు పోవచ్చు. బయట పెట్టుకుంటే రేపు పైన వేసే పోర్షన్ అద్దెకి ఇచ్చినా, కొడుకు కాపురం పెట్టినా ఎవరి దారి వాళ్ళది, మెట్ల కింద మోటారు, ఇన్వర్టరు సర్దేయొచ్చు. పైన వేస్తామన్న మాట మాత్రం పునాది డిజైన్ కాకముందే ఇంజనీరుకి చెప్పాలి.

వాస్తు పట్టింపు ఉంటే సిద్ధాంతిని మొదటి గీతలోనే కూర్చోబెట్టండి. ప్లాన్ అంతా అయ్యాక వంటగది ఆగ్నేయానికి, బాత్రూం ఇంకో మూలకి జరిపితే, మనం అంగుళం అంగుళం మిగిల్చిందంతా మళ్ళీ నడవాలోకే పోతుంది.

చివరగా, డబ్బు కట్టే ముందు ఒక ఆదివారం స్థలంలో గదులన్నీ అసలు కొలతలతో ముగ్గు పోయించండి. మంచం ఆరు బై ఆరున్నర అడుగులు, అది కూడా గీయండి, బీరువా తలుపు తెరుచుకునేంత చోటు గీయండి, గ్యాస్ బండ, బియ్యం బస్తా, వాషింగ్ మెషీన్ ఎక్కడో గుర్తు పెట్టండి. తర్వాత అమ్మని వంటగది గీతల్లో నిలబెట్టి, పొయ్యి దగ్గర నుంచి సింకు దాకా నాలుగుసార్లు నడవమనండి. ఆమె ఎక్కడ ఇరుకుగా ఉందంటే అక్కడ ముగ్గు చెరిపి మళ్ళీ పోయండి, ఆ కొత్త కొలతలే ఇంజనీరుకి ఇవ్వండి.