హైవే మీద డివైడర్ దాటడం ఎలా: ఒక ఆర్టీసీ డ్రైవర్ మాట

మాది కోనసీమ. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాను. రాజమండ్రి నుంచి జొన్నాడ, రావులపాలెం, సిద్ధాంతం, తణుకు మీదుగా పోయే నాలుగు వరసల రోడ్డు మీదే నా సర్వీసులో ఎక్కువ భాగం గడిచింది. డివైడర్ మధ్య సందుల దగ్గర మనవాళ్లు బండి ముందు చక్రం రోడ్డు మీదికి పెట్టి నిలబడటం చూస్తే ఇప్పటికీ నాకు టెన్షనే. అటు స్టీరింగ్ దగ్గర ఉన్నవాడికి ఏం కనబడుతుందో, ఏం కనబడదో తెలిస్తే మీరు అలా నిలబడరు. అందుకే ఇది రాస్తున్నాను.

చెరో 80 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు బళ్ల మధ్య దూరం సెకనుకు 44 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా చేయడమే డివైడర్ మొదటి పని. అయితే నలుపు తెలుపు రంగులేసిన ఆ పొట్టి గట్టు వేగంగా వచ్చే లారీని ఆపలేదు, హద్దు చూపిస్తుందంతే. బండిని నిజంగా అడ్డుకునేవి ఇనుప రెయిలింగులు, అడుగున వెడల్పుగా ఉండి పైకి సన్నబడే కాంక్రీటు గోడలు. ఆ గోడ వాలు మీదికి టైరు కాస్త ఎక్కి, బండి మళ్లీ తన వరసలోకే మళ్లుతుంది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 1950ల్లో మొదలైంది కాబట్టి దాన్ని జెర్సీ బారియర్ అంటారు. పొట్టి గట్టు మీద కూర్చుని బస్సు కోసం చూసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. లేచి రోడ్డు పక్కకు వచ్చేయండి.

మధ్యలో గన్నేరు, కాగితంపూల మొక్కలు పెంచేది అందం కోసమే అనుకుంటారు. రాత్రిపూట ఎదుటి బండి లైటు కళ్లలో కొట్టకుండా అవి అడ్డుపడతాయి. గన్నేరు విషం కాబట్టి పశువులు ముట్టవు, నీళ్లు తక్కువైనా బతుకుతుంది. కానీ సందు దగ్గర మొక్కలు పొట్టిగా ఉండాలి. ఏపుగా పెరిగాయంటే వాటి వెనక ఆగిన స్కూటీ కనబడదు. బస్సులో సీటు ఎత్తు కాబట్టి నాకు కనీసం తల కనబడేది. కారులో ఉన్నవాడికి అదీ కనబడదు. మీరు దాటే చోట మొక్కలు భుజాల దాకా పెరిగాయంటే, మిమ్మల్ని ఎవరూ చూడటం లేదనుకునే దాటండి.

ఇక దాటడం. హైవేని ఒక రోడ్డుగా చూడొద్దు, రెండు రోడ్లుగా చూడండి. మొదటి సగానికి బళ్లు మీ కుడివైపు నుంచి వస్తాయి. పూర్తిగా ఆగి, అటు ఖాళీ అయ్యాకే కదలండి. డివైడర్ మధ్యకు వచ్చాక మళ్లీ పూర్తిగా ఆగాలి. రెండో సగానికి బళ్లు ఎడమవైపు నుంచి వస్తాయి. మన దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లూ ఉంటారు కాబట్టి రెండో పక్కకు కూడా ఒకసారి చూడండి.

మధ్యలో ఆగినప్పుడు ముందు చక్రం గానీ వెనక చక్రం గానీ రోడ్డు మీదికి రాకూడదు. మోటార్ సైకిల్ సుమారు రెండు మీటర్ల పొడవుంటుంది, వెడల్పున్న డివైడర్‌లో సరిపోతుంది. ఊళ్ల దగ్గర అది సన్నగా ఉంటే మధ్యలో ఆగే ఆలోచనే వద్దు. రెండు వైపులా ఖాళీ ఉంటేనే ఒకేసారి దాటాలి. అప్పటికే సందులో బళ్లు నిండిపోతే మీరు ఇవతలే ఉండండి. బయల్దేరి తటపటాయించడం అన్నిటికంటే ప్రమాదం. 80 వేగంలో బస్సు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మీరు ముందుకొస్తారో వెనక్కెళ్తారో తేల్చుకుని నేను బ్రేకు తొక్కేలోపే సగం దూరం అయిపోతుంది.

ట్రాక్టర్‌కు ఈ లెక్క పనికిరాదు. ఇంజను డివైడర్‌లో ఉంటే ధాన్యం బస్తాల తొట్టి రోడ్డుకు అడ్డంగా ఉంటుంది. అండర్‌పాస్ ఉంటే కిలోమీటరు చుట్టైనా దాని కిందనుంచే వెళ్లాలి. లేకపోతే రెండో మనిషి దిగి రెండు వైపులా చూసి చెప్పాలి, తొట్టి వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు ఉండాలి. రావులపాలెం మార్కెట్‌కు సైకిల్ మీద అరటి గెలలు తెచ్చేవాళ్లు దిగి, వెలుతురుండగానే నడిపించుకుంటూ దాటండి. రెండు పక్కలా గెలలు వేలాడుతుంటే తొక్కేవాడికి పక్క చూపే ఉండదు.

బస్సు దిగినవాళ్లు దాని ముందు నుంచి దాటొద్దు. నేను ఆగినా, నా కుడిపక్క వరసలో వచ్చే కారుకు మీరు కనబడరు. బస్సు వెళ్లిపోనివ్వండి.

మంచులో, సంక్రాంతి ముందు తెల్లవారుజామున, బండి నడిపేటప్పుడు నేల మీద మెరిసే బిళ్లలు చూసుకోండి. డివైడర్ పక్కన పసుపు, ఎడమ అంచున ఎరుపు. పసుపు ఎప్పుడూ మీ కుడిచేతి వైపే ఉండాలి. ఎడమవైపు కనబడిందంటే మీరు ఎదుటివాళ్ల రోడ్డులో ఉన్నట్టే. అమలాపురం మీదుగా పోయే 216 నంబరు జాతీయ రహదారి మీద చాలా దూరం డివైడరే ఉండదు. అక్కడ మధ్యగీతే డివైడర్. గీత తెగకుండా ఉన్నచోట ఓవర్‌టేక్ చేయొద్దు.

దాబాకో, పొలానికో దగ్గరవుతుందని రాళ్లు పీకి సందు చేసుకునేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. అక్కడ బోర్డుండదు, లైటుండదు, మనిషి వస్తాడని ఏ డ్రైవరూ అనుకోడు. జాతీయ రహదారిని ఇలా ప్రమాదకరంగా మారిస్తే 1956 నాటి చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. రాంగ్ రూట్‌కు కూడా మొదటిసారే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది జైలు గానీ, రెండూ గానీ ఉంటాయి. దారి నిజంగా అవసరమైతే పంచాయతీ తీర్మానం చేసి, హైవే అధికారులకు అర్జీ పెట్టండి.

డివైడర్ విరిగి ఉన్నా, పశువులు దాని మీద పడుకుని ఉన్నా జాతీయ రహదారుల మీద 1033కి ఫోన్ చేయొచ్చు. ప్రమాదమైతే 108. పక్కనున్న కిలోమీటరు రాయి నంబరు చదివి చెప్పండి. దాంతోపాటు బండి ఏ ఊరు వెళ్లే వైపు ఉందో తప్పకుండా చెప్పాలి, ‘తణుకు వెళ్లే వైపు’ అనో, ‘రాజమండ్రి వెళ్లే వైపు’ అనో. అంబులెన్సు అవతలి వైపుకొచ్చిందంటే, మళ్లీ సందు దొరికేదాకా ముందుకెళ్లి తిరిగి రావాల్సి వస్తుంది.