పరీక్షల కాలంలో ప్యానిక్ అటాక్: ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంటర్మీడియట్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ, బాగా చదివే పిల్లలకు సైతం ఉన్నట్టుండి గుండె దడ పుట్టి, ఊపిరి అందక, చెమటలు పట్టి, ప్రాణం పోతుందేమోనన్నంత భయం కలగవచ్చు. ఈ ప్యానిక్ అటాక్ సాధారణంగా 10 నిమిషాలలోపే తీవ్రస్థాయికి చేరి, అరగంటలోగా తగ్గుముఖం పడుతుంది. గబగబా ఊపిరి తీసుకోవడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరే పిల్లలను మరింత భయపెడుతుంది కనుక, దాని కారణాన్ని వారికి ముందే వివరించాలి.

మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం ఇది ప్యానిక్ అటాకేనని ఇంట్లోవారు నిర్ణయించకూడదు. గుండె, థైరాయిడ్, రక్తహీనత సమస్యలు లేవని డాక్టరు నిర్ధారించాలి. ఛాతీనొప్పి తగ్గకపోయినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకుని, 6 అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలడం రోజూ సాధన చేయించాలి. పరీక్ష హాలులో భయం మొదలైనప్పుడు అక్కరకు వచ్చేది అప్పటికే అలవాటైన పద్ధతే. కాగితపు సంచిలోకి ఊపిరి వదిలి పీల్చమనే పాత సలహాను పాటించవద్దు. రాత్రి నిద్ర మానిపించి టీ, కాఫీలతో చదివించడం దడను పెంచుతుంది. ఇంట్లో ఎవరికో రాసిన, ఆందోళన తగ్గించే ఆల్ప్రాజోలం మాత్రను పరీక్ష రోజున ఇవ్వడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది మగత కలిగించి జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది, అలవాటుగానూ మారుతుంది.

అన్నిటికన్నా నేను ఎక్కువగా ఆందోళన చెందేది, అటాక్ మళ్లీ వస్తుందన్న భయంతో పిల్లలు ముందు బస్సును, తర్వాత తరగతిని, చివరకు పరీక్షనే తప్పించుకోవడం గురించి. తప్పించుకున్న ప్రతిసారీ అప్పటికి ఊరట కలిగినా, భయం మరింత వేళ్లూనుకుంటుంది. అలాంటప్పుడు "నాటకాలాడుతున్నావు" అనే మాట వారిని మౌనంలోకి నెడుతుంది; "ఇది తగ్గుతుంది, నేను పక్కనే ఉన్నాను" అంటే చాలు. ఈ తప్పించుకునే ధోరణిని మార్చడంలో సీబీటీ అనే మాటల చికిత్స బాగా ఉపకరిస్తుంది. డాక్టరు మందులు రాసినా అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అందువల్ల హాల్ టికెట్ వచ్చేదాకా ఆగకుండా, లక్షణాలు కనిపించగానే సైకియాట్రిస్టును కలవాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రులు ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనిపిస్తోందన్న మాట పిల్లల నోట వస్తే, పరీక్ష సంగతి పక్కనబెట్టి, వారిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.