బెంగళూరులో చేసి చలి ప్రాంతంలో నిలిపిన యర్ట్: సమస్యలు - పరిష్కారాలు

యర్ట్ అంటే మధ్య ఆసియా పశుపాలకులు విప్పి, మడిచి, వెంట తీసుకుపోయే గుండ్రటి ఇల్లు. మంగోలులు దీనిని గెర్ అంటారు. గోడ మడతపెట్టదగిన కర్ర జాలీ. పైకప్పు వాసాలన్నీ నడినెత్తిన ఉండే ఒక చెక్క వలయంలోకి చేరుతాయి. ఆ కట్టు మీద ఉన్నిని ఒత్తి చేసిన మందపాటి ఫెల్ట్‌ను, దానిపై గుడ్డను కప్పుతారు. మైసూరు రోడ్డు వైపున్న టింబర్ యార్డ్ లేఅవుట్‌లో రీపర్లు కోయించి, బెంగళూరులోని మా షెడ్డులో 5 మీటర్ల వ్యాసంతో ఒక యర్ట్ చేసి, లద్దాఖ్‌లోని లేహ్ సమీపంలో ఒక మిత్రుని పొలంలో నిలిపాము. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి నాటిది. కాబట్టి ఇక్కడి డాబా మీద ఎన్నాళ్లు నిలిపి చూసినా ఈ క్రింది లోపాలలో ఏ ఒక్కటీ బయటపడదు. అవన్నీ అక్కడికి వెళ్లాకే ఎదురయ్యాయి, దాదాపు అన్నింటికీ మూలం చలి కాదు, తేమ.

తెల్లవారేసరికి పైకప్పు నుంచి నీళ్లు కారడం

మొదటి వారంలోనే పరుపులు తడిశాయి. పైకప్పుకు చిల్లు పడిందనుకొని అతుకుల మీద జిగురు పూశాము. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకొన్నట్టే అయింది, ఎందుకంటే ఆ నీరు బయటి నుంచి వచ్చినది కాదు. లోపల మనుషుల ఊపిరి, వంట ఆవిరి కలిసిన వెచ్చని గాలి ఫెల్ట్ గుండా బయటికి పోతూ, చల్లగా ఉన్న పై కప్పు తగలగానే నీరుగా మారుతుంది. చలి ఎక్కువైతే అక్కడే మంచుపొరగా గడ్డకట్టి, ఎండ తగలగానే కరిగి కారుతుంది. బెంగళూరు వానను దృష్టిలో పెట్టుకొని మేము పైన ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పడం వల్ల ఆవిరికి దారి లేకపోయింది. లేహ్‌లో ఏడాది మొత్తం మీద పడే వర్షపాతం సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే అని తెలిసి కూడా అలవాటు చొప్పున చేసిన పొరపాటు అది.

పరిష్కారంలో మొదటి పని టార్పాలిన్ తీసివేసి, ఆవిరిని పోనిచ్చే మందపాటి నూలు కాన్వాసు వేయడం. రెండవది, లోపలి వైపు దగ్గరగా నేసిన నూలు గుడ్డ కట్టి, వెచ్చని గాలి నేరుగా ఫెల్ట్‌లోకి చొరబడకుండా చూడడం. మూడవది అన్నింటికంటే ఎక్కువగా వాదన తెచ్చినది: పొగగొట్టం లేని గ్యాస్ హీటరును బయట పెట్టడం. ఒక కిలో వంటగ్యాసు మండితే ఒకటిన్నర కిలోకు పైగా నీరు ఆవిరి రూపంలో పుడుతుంది, అది మొత్తం ఇంట్లోనే ఉండిపోతుంది. అదే పొగగొట్టం ఉన్న బుఖారీ (గదిని వేడిచేసే ఇనుప పొయ్యి) అయితే ఆ ఆవిరిని బయటికి పంపుతుంది. వేడి నిలుస్తుందని నెత్తి వలయాన్ని పూర్తిగా మూసివేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. నిప్పు ఉన్న గదిలో గాలి అందకపోతే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఫెల్ట్ చాలలేదని మేము అనంతపురం నుంచి తెప్పించిన గొంగళ్లు కూడా వాడాము. గొంగడి నేసినది, ఫెల్ట్ ఒత్తి చేసినది. నేతలో గాలి దూరుతుంది కనుక గొంగళిని లోపలి పొరగానే వాడాలి.

వాసాలు వదులై నెత్తి వలయం ఒరగడం

మూడు వారాల తరువాత రాత్రిళ్లు కర్రలు కిరకిరలాడసాగాయి, రెండు వాసాలు వలయం రంధ్రాల నుంచి జారిపడ్డాయి. జూలై నెలలో, బెంగళూరు తడిగాలిలో తొలిచిన కర్ర అది. లోపల నిప్పు వెలిగే పొడి గాలిలో కర్ర తేమ 14 శాతం నుంచి 6 శాతానికి దిగితే, జాతిని బట్టి కొంత మారినా, 25 మిల్లీమీటర్ల వాసపు కొన దాదాపు అర మిల్లీమీటరు కుంచించుకొంటుంది. అంత చిన్న సందే కీళ్లన్నింటిలో కలిసి వలయాన్ని ఒరగనిస్తుంది.

తొలచడానికి ముందే తేమ కొలవాలి. కర్ర ముక్క ఒకటి కోసి తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఎండబెట్టాలి. 112 గ్రాములది 100కు దిగితే తేమ 12 శాతం. 8 శాతం దగ్గరకు వచ్చాకే రంధ్రాలు తొలిపించాలి. ఇప్పటికే వదులైతే కొనకు కాన్వాసు పట్టీ చుట్టి బిగించవచ్చు, మేకు మాత్రం కొట్టరాదు, ఎండిన కర్ర చీలిపోతుంది.

ఇందులో మా అత్యాశ కూడా ఉంది. మంగోలుల తిన్నని వాసాలు తీసుకొని, వలయాన్ని మోసే వారి రెండు స్తంభాలను వదిలివేశాము. స్తంభాలు లేకుండా సాధారణంగా నిలబెట్టే కిర్గిజ్‌లు అందుకు ఆవిరి పట్టి వంచిన వాసాలను, వేరే తరహా వలయాన్ని వాడతారు. 1992లో స్వీకరించిన వారి జాతీయ పతాకం నడుమ ఉన్నది ఆ వలయమే. చివరికి మేము స్తంభాలు రెండూ పెట్టుకొన్నాము.

జాలీ గోడ బయటికి విచ్చుకోవడం

వాసాలు గోడ పైఅంచును ఎప్పుడూ బయటికి నెడుతూనే ఉంటాయి; ఆ నెట్టుడును ఆపేది గోడ చుట్టూ తలుపు చట్రం నుంచి చట్రం వరకు బిగించిన పట్టీ ఒక్కటే. మేము కట్టిన నైలాన్ తాడు తడిసినప్పుడు మరింత సాగింది. 5 మీటర్ల యర్ట్ పైకప్పు నేలపై కప్పే వైశాల్యం దాదాపు 20 చదరపు మీటర్లు. గాలికి గట్టిపడిన మంచు 20 సెంటీమీటర్లు నిలిస్తే చదరపు మీటరుకు సుమారు 50 కిలోల చొప్పున ఒక టన్ను అవుతుంది. లారీ సరుకు బిగించే పాలియెస్టర్ రాచెట్ పట్టీ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. మంచును చీపురుతో లోపలి నుంచి తట్టి దించాలి, పైకి ఎక్కి కాదు.

నేల చల్లబడడం, తలుపు పట్టేయడం

బుఖారీ ఎర్రగా కాలుతున్నా పాదాలు గడ్డకడుతుంటే, గోడ అడుగున సందు ఉందన్నమాట. మంగోలులు చలికాలంలో గోడ చుట్టూ అడుగున వేరే పట్టీ కడతారు. దానికి తోడు పలకల నేల కింద ఎండుగడ్డి పరవాలి. తలుపు పట్టేయడానికి కారణం సాధారణంగా గడ్డకట్టిన నేల ఉబ్బి చట్రాన్ని వంచడమే. గడపను రంపంతో కోయకుండా, చట్రం కింద రాళ్లు పరిచి నీరు నిలవకుండా చేయాలి. మేము కోశాము, మార్చి రాగానే నేల దిగి, తలుపు కింద రెండు వేళ్ల సందు మిగిలింది.