పార్కిన్సన్స్: మాట్లాడితే చేయి ఎందుకు ఆగిపోతుంది?

సమస్య: పార్కిన్సన్స్ (కదలికలను దెబ్బతీసే మెదడు జబ్బు) ఉన్న ఒకరు చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నారు. రెండు పెట్టేశారు. మూడోది కాజాలోకి సగం దూరిందనగా ఎవరో "మందు వేసుకున్నారా?" అని అడిగారు. జవాబు చెప్పేలోపు వేళ్లు అక్కడే నిలిచిపోయాయి. చూసేవాళ్లకు ఇది బద్ధకంలానో మతిమరుపులానో కనిపిస్తుంది. రెండూ కాదు.

కారణం: బొత్తాం పెట్టడం, నడవడం, సంతకం చేయడం లాంటి అలవాటైన పనులు మనం ధ్యాస పెట్టకుండానే సాగిపోతాయి. మెదడు లోపల ఉండే బేసల్ గాంగ్లియా వాటిని నడిపిస్తుంది. దానికి డోపమైన్ అనే, మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం కావాలి. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. దాంతో ఇదివరకు దానంతటదే జరిగిన పనికి ఇప్పుడు ప్రతిసారీ మనసు పెట్టాలి. మాట ఆ మనసును లాగేసుకుంటే చేయి ఆగుతుంది.

పరిష్కారం: ముందు మారాల్సింది ఇంట్లోవాళ్లే. చేతిలో పని ఉన్నప్పుడు ప్రశ్నలు వేయకండి, పని అయ్యాక అడగండి. "త్వరగా కానివ్వండి" అంటే టెన్షన్‌తో వణుకు ఇంకా పెరుగుతుంది. బొత్తాం పెట్టుకునేవారు కూర్చుని, ఒక్కో అడుగూ పైకి చెప్పుకోవాలి: పట్టుకో, తోయి, అవతల నుంచి లాగు. ఇది చిన్నపిల్లల పద్ధతిలా అనిపించినా, చాలామందికి బాగా పనిచేస్తుంది. అసలు తేలికదారి కావాలంటే బొత్తాల బదులు వెల్‌క్రో కుట్టించుకోండి.

నిండు గ్లాసు పట్టుకుని నడుస్తూ మాట్లాడటం మాత్రం మానేయాలి. అలా చేస్తే పడిపోయే ప్రమాదం ఉంది. మూత ఉన్న కప్పు వాడండి, మాట్లాడాలంటే ఆగి మాట్లాడండి. రెండు పనులు కలిపి చేసే సాధన ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెట్టడమే మంచిది.

సమస్య: రాత పోనుపోను చీమల బారులా చిన్నదవుతోంది.

కారణం, పరిష్కారం: పార్కిన్సన్స్‌లో ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేసేకొద్దీ దాని పరిమాణం తగ్గిపోతుంది. గీతల కాగితం, లావుపాటి పెన్ను తీసుకుని, "పెద్దగా" అనుకుంటూ రాయండి. రెండు మూడు పదాలకోసారి చేయి ఎత్తి ఆగండి.

సమస్య: మందు వేసుకున్నాక బాగున్న చేయి, తర్వాతి డోసు వేళకు బిగుసుకుపోతోంది.

కారణం, పరిష్కారం: పార్కిన్సన్స్‌కు వాడే మందు లెవోడోపా ప్రభావం తగ్గిపోతుండవచ్చు. మందు వేసుకున్న టైము, చేయి బిగుసుకున్న టైము ఒక వారం రాసి డాక్టరుకు చూపించండి. డోసు సొంతంగా మార్చకండి, మందు హఠాత్తుగా ఆపడం ప్రమాదం.

ఒకవైపు చేయి ఒక్కసారిగా పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.