ఉమ్మడి కొట్టుగదికి స్మార్ట్ తాళం – మూడో పాఠం: వేలిముద్రా, అంకెలా?

గత పాఠంలో తలుపు మందమూ, తలుపు అంచు నుంచి తాళం రంధ్రం మధ్య వరకు ఉన్న దూరమూ కొలిచి కాగితం మీద రాసుకొమ్మని చెప్పాను. తలుపులో బిగించే స్మార్ట్ తాళాలు చాలావరకు సుమారు 35 నుంచి 50 మిల్లీమీటర్ల మందం గల ఒంటిరెక్క తలుపుల కోసం చేసినవి. మన శ్రీకాకుళం వైపు పాత పెంకుటిళ్లలో కొట్టుగదులకు తరచుగా కనిపించేవి రెండు రెక్కల తలుపులు. మీది అలాంటిదే అయితే, మంచి టేకు చెక్కను తొలిపించే పని పెట్టుకోకుండా, ఉన్న గొళ్లేనికే వేలిముద్రతో తెరుచుకునే తాళంకప్పను తగిలించండి.

ఇద్దరు అన్నదమ్ముల వాటాలకూ కలిపి ఒకే కొట్టుగది ఉన్న ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ధాన్యం బస్తాలు, ఊరగాయ జాడీలు, పండగకు మాత్రమే దించే ఇత్తడి సామాను అన్నీ అందులోనే ఉంటాయి. దుకాణంలో అడిగితే వేలిముద్ర తాళమే తీసుకోమంటారు. అయితే పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవారి వేళ్లను ఒకసారి దగ్గరగా చూడండి. పిక్క తొక్కలోని నూనె తగిలి చర్మం నల్లబడి, పొరలుగా ఊడి, వేలి మీది గీతలు అరిగిపోయి ఉంటాయి. మా పెద్దమ్మ వేలిని మా ఇంటి తాళం వరుసగా ఐదుసార్లు కాదని, ఆ తర్వాత కొద్దిసేపు ఎవరి వేలినీ తీసుకోలేదు. తప్పు ముద్రలు వరుసగా పడితే తాళం తనంతట తాను మొరాయించేలా చేసిన ఏర్పాటు అది, లోపం కాదు. చింతపండు పిసికిన తడి చేతితోనూ ఇదే ఇబ్బంది వస్తుంది. అందుచేత ఒక్కొక్కరికి కనీసం రెండు వేళ్లు, అందులో ఒకటి పని తక్కువ చేసే చేతిది, నమోదు చేయాలి. అరిగిన వేలినైతే కొద్దికొద్దిగా కోణం మారుస్తూ రెండు మూడుసార్లు వేర్వేరు ముద్రలుగా ఎక్కించాలి. ఇంత చేసినా తాళానికి అంకెల పలక కూడా ఉండి తీరాలని నా అభిప్రాయం.

నాలుగంకెల సంకేతానికి 10,000 అమరికలు ఉన్నా, పసుపు మరకలు పడి నాలుగు మీటలు మాత్రమే మెరుస్తుంటే, చూసినవారికి మిగిలేవి 24 మాత్రమే. కాబట్టి ఆరంకెలు పెట్టుకోండి. అసలు సంకేతానికి ముందూ వెనకా ఉత్తుత్తి అంకెలు నొక్కనిచ్చే రకం దొరికితే ఇంకా మంచిది. ఇంట్లో అందరికీ ఒకే సంకేతం ఇవ్వకండి. వేర్వేరుగా ఇస్తే, అద్దెకున్నవారు ఖాళీ చేసిన రోజున వారిది ఒక్కటే తీసేయవచ్చు, బస్తాలు దించే కూలీకి ఆ ఒక్క పూటకే పనిచేసే సంకేతం ఇవ్వవచ్చు. తాళంతో వచ్చే 123456 లాంటి మొదటి సంకేతాన్ని బిగించిన రోజే మార్చేయండి.

కరెంటు పోతే ఎలా అని చాలామంది భయపడతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు ఎన్నో ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు గనుక ఆ భయం న్యాయమైనదే. కానీ ఇవి సాధారణంగా నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేవి. కరెంటుతో వాటికి పని లేదు. ఆల్కలైన్ బ్యాటరీలు ఒక్కొక్కటి 1.5 వోల్టుల చొప్పున మొత్తం 6 వోల్టులు ఇస్తాయి. ఛార్జింగ్ చేసుకునే నికెల్ బ్యాటరీలు వేస్తే 4.8 వోల్టులే వస్తాయి గనుక, అవి నిండుగా ఉన్నా తాళం బ్యాటరీ అయిపోతోందని మొత్తుకోవచ్చు. వైఫై ఉన్న తాళం బ్లూటూత్ తాళం కంటే త్వరగా బ్యాటరీని తాగేస్తుంది. మందపాటి గోడల వెనక ఉన్న కొట్టుగదికి వైఫై ఎలాగూ సరిగా అందదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. బ్యాటరీలు పూర్తిగా అయిపోయినా తలుపు తెరుచుకోవాలి గనుక కొనేముందు రెండు చూడండి: బయటి వైపు పవర్ బ్యాంకు తగిలించే టైప్-సి రంధ్రం, మామూలు తాళంచెవి పట్టే రంధ్రం. ఆ తాళంచెవిని మాత్రం కొట్టుగదిలోనే దాచకండి; మేము దాచాం.

అభ్యాసం: ఈ వారం రోజులూ కొట్టుగది తలుపు దగ్గర ఒక నోటు పుస్తకం వేలాడదీసి, ఎవరు, ఏ వేళ, తడి చేతితోనా పొడి చేతితోనా లోపలికి వెళ్లారో రాయించండి. నాలుగో పాఠం ఆ పుస్తకంతోనే మొదలవుతుంది.