ఆన్‌లైన్ వేలంలో పాత ఫౌంటెన్ పెన్నుకు ధర కట్టడం ఎలా?

ఆన్‌లైన్ వేలాల్లో పాత పెన్నులు చూడటం మొదలుపెట్టిన వాళ్లకు ముందుగా అంతుపట్టనిది ధర. ఒకే మోడల్, ఒకే రంగు పార్కర్ 51 పెన్నులు రెండు ఒకే వారంలో వేలానికి వస్తాయి. ఒకటి రెండోదానికి మూడు రెట్లు పలుకుతుంది. చూసేవాళ్లకు ఇదంతా అదృష్టం మీద నడిచే వ్యవహారంలా అనిపిస్తుంది. నిజానికి దీని వెనక లెక్క ఉంది.

వేలంలో కొనేవాళ్లు పెన్నును చేత్తో పట్టుకోలేరు, కాగితం మీద రాసి చూడలేరు. వాళ్ల దగ్గర ఉండేవి నాలుగు ఫొటోలు, రెండు వాక్యాల వివరణ. అందుకే ధరను నడిపించేది పెన్ను వయసు కన్నా దాని గురించి మిగిలిపోయిన అనుమానాలు. అన్ని అనుమానాలూ తీరిన పెన్నుకు పూర్తి ధర వస్తుంది. తీరకపోతే ఆ మేరకు కోత పడుతుంది. ఆ అనుమానాల్లో ఏది భయపడాల్సింది, ఏది అక్కర్లేనిది అని తేల్చుకోగలిగితే ఎంత వరకు పాడాలో మీకే తెలుస్తుంది. ఎక్కువగా దొరికేది, అన్ని చిక్కులూ ఉన్నది పార్కర్ 51 కాబట్టి దాన్నే ప్రధాన ఉదాహరణగా తీసుకుందాం.

1. పెన్ను ఏదో కచ్చితంగా గుర్తుపట్టండి

"పాత పార్కర్" అంటే ధర కట్టలేం. పార్కర్ 51 అమెరికా మార్కెట్లోకి 1941లో వచ్చింది, 1972 దాకా తయారైంది. మొత్తం 2 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అంత ఎక్కువగా తయారైన పెన్నులో కూడా కొన్ని రకాలు చాలా అరుదు.

ముందు ఇంకు నింపే పద్ధతి చూడండి. 1948 దాకా వచ్చినవి వాక్యుమాటిక్ రకం. బారెల్ (చేత్తో పట్టుకునే పెన్ను గొట్టం) చివర ఉన్న చిన్న మూత తిప్పి తీస్తే లోపల నొక్కే ప్లంజర్ ఉంటుంది. 1948 నుంచి వచ్చినవి ఏరోమెట్రిక్. బారెల్ మొత్తం తిప్పి తీస్తే లోహపు తొడుగు, దాని మీద నొక్కే పట్టీ కనిపిస్తాయి. ఈ తేడా ధర మీద నేరుగా ప్రభావం చూపిస్తుంది. వాక్యుమాటిక్‌లో ఇంకును లోపలికి లాగే పల్చని రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, ఇన్నేళ్లకు పాడైపోయి ఉంటుంది, మార్చాల్సిందే. ఏరోమెట్రిక్‌లోని ప్లాస్టిక్ సంచి దశాబ్దాలు గడిచినా మెత్తగానే ఉంటుంది. చాలాసార్లు నీళ్లతో బాగా కడిగితే చాలు, పెన్ను రాస్తుంది.

తర్వాత తేదీ కోడ్. ఆ కాలంలో పార్కర్ కంపెనీ బారెల్ మీద ఏడాదిలోని చివరి అంకె వేసి, పక్కన చుక్కలతో ఏ మూడు నెలల్లో తయారైందో సూచించేది. వాక్యుమాటిక్ 51 మీద "5" ఉంటే అది 1945 తప్ప మరొకటి కాదు. రెండు కొసల్లోనూ మెరిసే బొడిపె ఉన్న తొలినాటి పెన్నులను "డబుల్ జ్యూయెల్" అంటారు. వాటికి ఎప్పుడూ గిరాకీ ఎక్కువే.

రంగు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ప్లమ్, నసావ్ గ్రీన్, బక్‌స్కిన్ లాంటి రంగులు తక్కువగా తయారయ్యాయి, అందుకే ధర ఎక్కువ. కానీ పసుపు దీపం కింద తీసిన ఫొటోలో మామూలు బర్గండీ కూడా ప్లమ్‌లాగే కనిపిస్తుంది. అమ్మేవాళ్లు "ప్లమ్" అని రాసినంత మాత్రాన నమ్మకండి. పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి ఇంకో ఫొటో తీసి పంపమని అడగండి.

2. అరుదు వేరు, గిరాకీ వేరు

అరుదైనదంటే ఖరీదైనదని చాలామంది అనుకుంటారు. 1930లలో అమెరికాలో చౌక పెన్నులు చేసిన చిన్న కంపెనీలు ఎన్నో ఉండేవి. బంగారు పూత పూసిన ఉక్కు పాళీలతో వచ్చిన వాటి పెన్నులు ఇప్పుడు వెతికినా దొరకవు. అయినా వాటి కోసం పోటీ పడేవాళ్లు తక్కువ. పార్కర్ 51 కోట్లలో ఉంది, అయినా ప్రతి వేలంలోనూ పాడేవాళ్లుంటారు. దాచుకునేవాళ్లతో పాటు రోజూ రాసుకునేవాళ్లకు కూడా అది కావాలి.

మన రాజమండ్రి రత్నం పెన్ను విషయంలోనూ ఇది గమనించాలి. కె.వి.రత్నం గారు తయారుచేసిన స్వదేశీ పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో ఆయనకు ఉత్తరం రాశారు. ఆ కథ తెలిసినవాళ్లకు ఎబొనైట్‌తో (గట్టిపరచిన రబ్బరుతో) చేసిన పాత రత్నం పెన్ను అమూల్యం. ఆ పేరు వినని విదేశీ అమ్మకందారు దాన్ని "ఇండియన్ బ్లాక్ పెన్" అని పెడితే పాడేవాళ్లే ఉండరు. కానీ అది నిజంగా పాతదేనని తేల్చే ఆధారం చూడాలి. బిల్లో, డబ్బానో, పాళీ మీది ముద్రో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే పాతదనే మాటకు అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

3. కండిషన్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

భయంకరంగా కనిపించే లోపాలు కొన్ని తేలిగ్గా పోతాయి. కంటికి ఆననివి కొన్ని పెన్నును చంపేస్తాయి. ధరలో తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ముందు భయపడనక్కర్లేనివి. ఇంకు నింపడానికి పక్కన చిన్న మీట (లివర్) ఉన్న పాత షీఫర్, వాటర్‌మన్ పెన్నుల్లో రబ్బరు సంచి గట్టిపడి, పొడిపొడి అయిపోయి ఉంటుంది. "ఇంకు ఎక్కడం లేదు" అని వివరణలో కనబడగానే సగం మంది వెళ్లిపోతారు. సంచి మార్చడం మాత్రం ఈ రంగంలో అన్నిటికన్నా చవకైన రిపేరు. ఎండిన ఇంకు మరకలు, మాసిన క్లిప్పు, మురికి పట్టిన పాళీ కూడా ఇలాంటివే.

ఇక భయపడాల్సినవి:

మూత అంచు దగ్గర సన్నని పగులు. వెంట్రుకంత ఉంటుంది, మామూలు ఫొటోలో కనపడదు. బాగు చేయించినా ఆ చోటు బలహీనంగానే ఉంటుంది. మూత అంచును నాలుగు వైపుల నుంచీ దగ్గరగా చూపించే ఫొటో లేకపోతే, పగులు ఉందనే అనుకుని ధర వేసుకోండి.

పాళీ మొన. కొసన అరగని గట్టి లోహపు బొట్టు ఒకటి ఉంటుంది, దాన్నే ఇరీడియం పాయింట్ అంటారు. అది రెండు రెక్కల మీదా సమానంగా ఉండాలి. ఒక వైపు ఊడిపోతే పాళీ కాగితాన్ని గీరుతుంది. కొత్త మొన అతికించడం నిపుణులు మాత్రమే చేసే పని, ఒక్కోసారి ఆ ఖర్చు పెన్ను ధరకు దగ్గరగా వస్తుంది. పార్కర్ 51లో పాళీ చాలావరకు తొడుగు లోపలే దాక్కుని ఉంటుంది కాబట్టి మొనకు ఎదురుగా తీసిన ఫొటో తప్పనిసరి.

ఎబొనైట్ రంగు మారడం. వెలుతురు, తేమ తగిలి నల్ల ఎబొనైట్ గోధుమ, ఆలివ్ రంగుల్లోకి తిరుగుతుంది. 1920ల వాటర్‌మన్ 52 లాంటి వాటిలో నిగనిగలాడే నలుపు నిలిచి ఉంటే ధర బాగా పెరుగుతుంది. అందుకే కొందరు పాలిపోయిన పెన్నులకు రంగు వేసి అమ్ముతారు. మూత కింద దాగి ఉండే భాగాన్ని, బయటి బారెల్‌ను పోల్చి చూడండి. ఆ వయసు పెన్నులో రెండూ ఒకేలా మెరుస్తుంటే ప్రశ్న అడగాల్సిందే. ఇలాంటి పెన్నును కొన్నాక నీళ్లలో నానబెట్టకండి, రంగు ఇంకా పోతుంది.

సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) మసకబారడం. లోపలి రబ్బరు సంచి నుంచి వచ్చే గంధకపు ఆవిర్లకు బారెల్ రంగు మారుతుంది, మూత మాత్రం అలాగే ఉంటుంది. ఆకుపచ్చ జేడ్ పెన్నుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఈ రంగును వెనక్కి తేలేం. మూత, బారెల్ రెండూ ఒకే రంగులో నిలిచిన జేడ్ పెన్ను కనబడితే ధర ఎందుకంత ఉందో ఇక ఆశ్చర్యపోనక్కర్లేదు.

చెక్కిన అక్షరాలు. బారెల్ మీద కంపెనీ ముద్ర పదునుగా ఉంటే పెన్ను తక్కువ అరిగినట్టు, ఎవరూ యంత్రంతో పాలిష్ పట్టనట్టు. మెరుపు ఎక్కువగా ఉండి ముద్ర మాసిపోయిన పెన్ను అరిగిన పెన్నే. పాత యజమాని పేరు చెక్కి ఉంటే దాచుకునేవాళ్లు వెనకాడతారు. రాసుకోవడానికి కొనేవాళ్లకు మాత్రం అది మంచి అవకాశం. నా మటుకు ఒకప్పుడు ఎవరో తమ పేరు చెక్కించుకుని ప్రేమగా వాడుకున్న పెన్ను మీదే ఇష్టం ఎక్కువ.

పాళీలోని బంగారం గురించి రెండు ముక్కలు. 14 క్యారెట్ అంటే 58.5 శాతం బంగారం. మామూలు సైజు పాళీ బరువు గ్రాములోపే ఉంటుంది. కాబట్టి "గోల్డ్ నిబ్" అన్న మాట విని మురిసిపోకండి. ఆ పాళీ ఎలా రాస్తుందన్నదే ధరను పెంచుతుంది. ఒత్తితే రెక్కలు విచ్చుకుని గీత లావయ్యే ఫ్లెక్స్ పాళీలకు పోటీ ఎక్కువ. 1927లో వచ్చిన వాటర్‌మన్ 7లో పాళీ స్వభావాన్ని బట్టి మూతకు రంగు పట్టీ వేశారు, ఆ రంగు పేరును పాళీ మీద కూడా ముద్రించారు. వంగే సన్న పాళీకి గుర్తయిన పింక్ కోసం గట్టి పోటీ ఉంటుంది. పట్టీ రంగు, పాళీ మీది పేరు కలవకపోతే పాళీ మార్చారని అర్థం.

4. భాగాలన్నీ ఒకే పెన్నువేనా?

రెండు మూడు పెన్నుల ముక్కలు కలిపి ఒకటిగా చేసిన దాన్ని ఫ్రాంకెన్‌పెన్ అంటారు. అది బాగానే రాయవచ్చు, కానీ దాచుకునేవాళ్లు పూర్తి ధర ఇవ్వరు. పార్కర్ 51లో దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తుంది. క్లిప్పు మీద నీలం రంగు డైమండ్ గుర్తు వేయడం 1940ల చివర్లో ఆగిపోయింది. 1950ల ఏరోమెట్రిక్ బారెల్‌కు నీలం డైమండ్ మూత కనబడితే మూత వేరే పెన్నుది అయ్యే అవకాశమే ఎక్కువ.

డబ్బా, కాగితాల విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. 1715లో మునిగిన స్పెయిన్ ఓడల నుంచి తీసిన వెండితో 1965లో పార్కర్ 75 పెన్నులు 4,821 చేశారు. అలాంటి పెన్నుకు దాని డబ్బా, సర్టిఫికెట్ ఉంటే ధర వేరు. మామూలు పార్కర్ 51కు డబ్బా ఉంటే సంతోషమే, కానీ దాని కోసం ఎక్కువ కట్టకండి. ఖాళీ డబ్బాలు విడిగా కూడా దొరుకుతాయి.

5. అడిగిన ధర వదిలేసి, అమ్ముడైన ధర చూడండి

"ఇప్పుడే కొనండి" అని పెట్టిన ధర అమ్మేవాళ్ల ఆశ మాత్రమే. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో "సోల్డ్ ఐటమ్స్" ఫిల్టర్ పెడితే నిజంగా అమ్ముడైన ధరలు కనిపిస్తాయి. మీ పెన్నుతో మోడల్, నింపే పద్ధతి, రంగు, కండిషన్ అన్నీ కలిసేవి కొన్ని ఏరుకోండి. అన్నిటికన్నా ఎక్కువ పలికినదాన్ని, అన్నిటికన్నా తక్కువ పలికినదాన్ని పక్కన పెట్టి మిగతావి చూడండి. రిపేరు చేసినవి ఒక వరుసలో, చేయనివి ఇంకో వరుసలో రాసుకోండి. వీటిని కలిపేస్తే లెక్కంతా తప్పుతుంది.

6. వేలం ఎలా నడుస్తోందో గమనించండి

ఈబేలో మీరు గరిష్ఠ ధర 15,000 రూపాయలని పెట్టారు, మీ తర్వాతి వ్యక్తి 9,000 దగ్గర ఆగారు అనుకుందాం. మీరు కట్టేది 9,000కు కొంచెం పైన మాత్రమే. అంటే ధరను నిర్ణయించేది రెండో స్థానంలో ఉన్న మనిషి. ఎంత అరుదైన పెన్నయినా గట్టిగా కోరుకునేవాళ్లు ఒక్కరే ఉంటే చవకగా పోతుంది, ఇద్దరుంటే ఆకాశానికి వెళ్తుంది.

ఆ రెండో మనిషి రాకుండా చేసేవి కొన్ని ఉన్నాయి. షీఫర్ పేరులో స్పెల్లింగ్ తప్పు రాస్తే వెతికేవాళ్లకు ఆ పెన్ను కనపడదు. ఇంట్లో పాత సొరుగులో దొరికినవన్నీ ఒకే లాట్‌గా పెడితే మంచి పెన్ను మరుగున పడుతుంది. అమెరికాలోపలే పంపుతామంటే మిగతా దేశాల వాళ్లు తప్పుకుంటారు. అక్కడ మీ అన్నయ్యో చెల్లెలో ఉంటే ఇలాంటి వేలాలు మీకు కూడా అందుతాయి. అమెరికా తూర్పు తీరంలో వేసవి ఆదివారం రాత్రి 9 గంటలంటే మనకు సోమవారం ఉదయం 6:30. చాలామంది అమ్మకందార్లు ఆదివారం సాయంత్రాలే వేలం ముగిసేలా పెట్టుకుంటారు, ఎందుకంటే అప్పుడు అక్కడివాళ్లు తీరిగ్గా ఉంటారు.

అమ్మేవాళ్ల పేరుకు కూడా ధర ఉంది. పాత పోస్టుకార్డులతో ఈబేలో జరిపిన ఒక పరిశోధన 2006లో అచ్చయింది. ఒకే వ్యక్తి తన పేరున్న ఖాతాలోనూ, కొత్త ఖాతాల్లోనూ ఒకే రకం కార్డులు అమ్మారు. పేరున్న ఖాతాకు కొనేవాళ్లు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. పోస్టుకార్డు ఫొటోలో పూర్తిగా కనిపిస్తుంది, పెన్ను లోపల ఏముందో కనపడదు. కాబట్టి పెన్నుల్లో నమ్మకం విలువ ఇంకా ఎక్కువే ఉంటుందని నా అభిప్రాయం. పెన్నులు రిపేరు చేసి, ఇంకు నింపి, రాసిన నమూనా చూపించే అమ్మకందార్లకు ఎక్కువ ధర రావడం న్యాయమే.

7. మీ గరిష్ఠ ధర కాగితం మీద రాసుకోండి

ఉదాహరణకు, రిపేరు చేసిన వాక్యుమాటిక్ 51 ఇండియాలో మీ చేతికి వచ్చేసరికి మొత్తం 18,000 రూపాయలు అవుతుందనుకుందాం. మీరు చూస్తున్నది రిపేరు చేయనిది. డయాఫ్రమ్ మార్చడానికి 3,500, షిప్పింగ్ 2,500, కస్టమ్స్ సుంకం, పన్నులు కలిపి 3,000 తీసేస్తే మిగిలేది 9,000. మూత అంచు ఫొటో సరిగ్గా లేదు కాబట్టి ఆ అనుమానానికి ఇంకో 1,500 తగ్గించండి. మీ గరిష్ఠ ధర 7,500. సుంకం రేట్లు మారుతుంటాయి, పాడే ముందు ఒకసారి సరిచూసుకోండి. పెద్ద వేలం సంస్థల్లో అయితే పాడిన ధర మీద కొనేవాళ్ల దగ్గర తీసుకునే అదనపు రుసుము, అంటే బయ్యర్స్ ప్రీమియం వేస్తారు. అది 20 శాతానికి పైగా ఉండటం మామూలే, దాన్నీ లెక్కలో కలపండి.

ఇప్పుడు అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టి మూత అంచు, పాళీ మొన, ముద్ర ఫొటోలు అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది పంపుతారు. అంచు బాగుందని తేలితే ఆ 1,500 మళ్లీ కలపండి. మిగతావాళ్లు ఇంకా అనుమానంతోనే పాడుతుంటారు, మీకు ఆ ఇబ్బంది ఉండదు.

ఎప్పుడు పాడాలి? ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈబే వేలాలను, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలాలతో పోల్చారు. ఈబేలో గడువు కచ్చితంగా ముగుస్తుంది. అమెజాన్‌లో చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు పెరిగేది. ఆఖరి క్షణంలో పాడటం ఈబేలోనే చాలా ఎక్కువగా కనిపించింది. మూడు రోజుల ముందే పాడితే మీ ఆసక్తి అందరికీ తెలుస్తుంది, పోటీకి వచ్చినవాళ్లు కొంచెం కొంచెంగా పెంచుతూ పోతారు. చివరి పది సెకన్లలో మీ గరిష్ఠ ధర ఒకేసారి పెట్టండి. ఎవరో దాన్ని దాటితే మళ్లీ పెంచకండి. టెన్షన్‌లో పెంచిన రెండు వేలు మీరు వేసుకున్న లెక్కలో ఎక్కడా లేవు.

గెలిచాక పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇంకు నింపకముందే భూతద్దంతో మూత అంచు, పాళీ మొన చూసి, వివరణతో కలవకపోతే వాపసు గడువు లోపలే ఫొటోలతో రాయండి. ఒకసారి ఇంకు పట్టించాక, లోపం ముందు నుంచీ ఉందని నిరూపించడం కష్టం.