గోల్ఫ్ హ్యాండికాప్ లెక్క కుదరడం లేదా? అనంతపురం ఆటగాళ్లకు సమస్య - పరిష్కారం

అనంతపురంలో ఉండి గోల్ఫ్ పట్టుకున్నవాళ్లలో చాలామంది ఆటకు బెంగళూరు హైవే ఎక్కాల్సిందే. తిరుగు దారిలో కార్లో ఆట గురించి కంటే హ్యాండికాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు స్ట్రోకులు, అంటే దెబ్బలు) గురించే వాదన ఎక్కువ. ఆ వాదనల్లో తరచూ వచ్చేవి ఇవి.

"నా సగటు 98. హ్యాండికాప్ 20 ఏందన్నా?"

హ్యాండికాప్ మీ సగటు ఆటను చూపించదు. 2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండికాప్ పద్ధతి మీ చివరి 20 స్కోరు కార్డుల్లో మేలైన 8 తీసుకుని సగటు కడుతుంది, తక్కిన 12 పక్కన పెడుతుంది. అంటే ఇది బాగా ఆడిన రోజుల లెక్క. నాలుగైదు ఆటలకు ఒకసారి ఆ అంకెకు తగ్గట్టు ఆడుతున్నారంటే అంతా సరిగ్గా ఉన్నట్టే, ఏమీ మార్చొద్దు. ప్రతిసారీ దానికంటే బాగా ఆడేవాడి కార్డులే ఒకసారి తిరగేయాలి. ఓడిన కార్డులు మాత్రమే ఎక్కించి, గెలిచినవి జేబులో పెట్టుకునే మహానుభావులు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు.

"ఒక కోర్సులో 22 ఇచ్చిరి, ఇంకోదాంట్లో 19. ఏది నిజం?"

రెండూ నిజమే. మీ పేరు మీద ఉండే ఆ సగటు అంకె ఇండెక్స్. ఆడబోయే కోర్సును బట్టి దాన్ని కోర్సు హ్యాండికాప్‌గా మార్చుకోవాలి. ఇండెక్స్‌ను స్లోప్‌తో (సాధారణ ఆటగాడికి ఆ కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించండి, దానికి కోర్సు రేటింగ్‌లోంచి (మేటి ఆటగాడికి పట్టే స్ట్రోకుల అంచనా) పార్ (కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్య) తీసేసిన తేడా కలపండి. మీ ఇండెక్స్ 20.4 అనుకుందాం. స్లోప్ 128, రేటింగ్ 71.2, పార్ 72 ఉన్నచోట 22 స్ట్రోకులు వస్తాయి. స్లోప్ 113, రేటింగ్ 69, పార్ 70 ఉన్నచోట 19 వస్తాయి. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) రంగు మారినా ఈ అంకెలు మారతాయి కాబట్టి, ఏ టీ నుంచి కొడుతున్నారో చూసుకుని పట్టిక చదవండి.

కార్డు ఎక్కించాక లెక్క ఇదే దారిలో వెనక్కి నడుస్తుంది. మొదటి కోర్సులో 95 కొడితే 21.0గా, రెండోదాంట్లో అదే 95 కొడితే 26.0గా నమోదవుతుంది; మేలైన 8 సగటు కట్టేది ఈ అంకెలతోనే. అందుకే "నేనూ 95, నువ్వూ 95" అనే పోలికకు అర్థం లేదు. స్ట్రోక్ ప్లే (మొత్తం దెబ్బలు లెక్కించే) పోటీలో 22కు బదులు 21 ఇచ్చారా? అక్కడ సాధారణంగా కోర్సు హ్యాండికాప్‌లో 95 శాతమే ఇస్తారు.

"ఒక్క హోల్లో 12 కొట్టినా. ఇండెక్స్ పాడైపోయినట్టేనా?"

పాడవదు, 12ను 12గానే ఎక్కిస్తే తప్ప. ఇండెక్స్ కోసం ఒక హోల్‌కు లెక్కించే గరిష్ఠ స్కోరు పార్‌కు 2 కలిపి, ఆ హోల్లో మీకు వచ్చే స్ట్రోకులు కలిపినంత. 22 హ్యాండికాప్ ఉంటే ప్రతి హోల్‌కు ఒక స్ట్రోకు, స్ట్రోక్ ఇండెక్స్ (హోళ్ల కష్టం వరుస) 1 నుంచి 4 వరకు ఉన్న హోళ్లలో రెండేసి. అలాంటి పార్ 4 హోల్లో 12ను 8గా వేసుకోవాలి. హోల్ వారీగా స్కోరు ఎక్కిస్తే ఈ కోత దానంతటదే జరుగుతుంది. మొత్తం ఒక్కటే ఎక్కించేవాళ్లే నష్టపోతారు.

"బాగానే ఆడినా, ఇండెక్స్ పెరిగింది!"

కొత్త కార్డు వచ్చి 21వదైపోయిన పాత కార్డు లెక్కలోంచి జారిపోయింది, అది మీ మంచి ఆటల్లో ఒకటి. చేయగలిగింది ఏమీ లేదు. అయితే గడిచిన 12 నెలల్లో మీ అతి తక్కువ ఇండెక్స్ కంటే 3 దాటితే పెరుగుదల సగానికి తగ్గుతుంది, 5 దగ్గర పూర్తిగా ఆగుతుంది.

"ఆ రోజు గాలి చంపేసింది"

రామగిరి గాలిమరల పక్కన పెరిగినోళ్లు గాలికి జడవడమా! ఆ రోజు అదే కోర్సులో కనీసం 8 కార్డులు చేరితే, పరిస్థితికి తగ్గ సవరణ ఆ హ్యాండికాప్ పద్ధతే చేసుకుంటుంది. కార్డు అదే రోజు ఎక్కించండి, ఆ లెక్కలో మీదీ కలుస్తుంది.

"ఇంకా ఇండెక్సే రాలేదు"

మొత్తం 54 హోళ్ల కార్డులు కావాలి. 9 హోళ్ల ఆటలూ చెల్లుతాయి. మూడు 18 హోళ్ల కార్డులు ఉంటే, వాటిలో మేలైన దాంట్లోంచి 2 తీసేసి మొదటి ఇండెక్స్ ఇస్తారు. ఒంటరిగా ఆడిన రౌండు, ప్రాక్టీసు రేంజిలో కొట్టిన బంతులు లెక్కకు రావు. కాబట్టి బెంగళూరు పోయేటప్పుడు కార్డు మీద సంతకం పెట్టే జోడీని వెంట తీసుకుపోండి.